కాంట్రాక్టు టెక్నికల్ రైటర్ ఉద్యోగ ప్రకటనను చదివి, జవాబు రాసే పద్ధతి

"మూడు నుంచి ఐదేళ్ల అనుభవం, చక్కటి ఆంగ్లం, డీఐటీఏ, ఫ్రేమ్‌మేకర్, జిట్ తెలిసి ఉండాలి. ఆరు నెలల కాంట్రాక్టు, పొడిగింపునకు అవకాశం ఉంది. వెంటనే చేరగలవారికి ప్రాధాన్యం." తిరుపతిలో ఎం.ఏ. ఆంగ్లమో, బీటెక్కో పూర్తిచేసి టెక్నికల్ రైటింగ్‌లోకి, అంటే ఉత్పత్తులను వాడేవారికి మాన్యువళ్లు, గైడ్లు రాసే ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలు నాకు పంపే ప్రకటనల్లో చాలా వరకు ఇలాగే ఉంటాయి. "అన్నా, దీనికి అప్లై చేయొచ్చా?" అని అడుగుతారు. చేయవచ్చో లేదో చెప్పే ముందు ఆ ప్రకటనను ఎలా చదవాలో చెప్పడం అవసరమని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే అర్హత ఉండి కూడా పక్కకు తప్పుకున్నవాళ్లను, అర్థం చేసుకోకుండా చేరి ఆరు నెలలు నలిగిపోయినవాళ్లను నేను సమాన సంఖ్యలోనే చూశాను.

ఇటువంటి ప్రకటన ఎలా పుడుతుందో తెలిస్తే దాన్ని చదవడం తేలికవుతుంది. ఒక ఉత్పత్తి విడుదల దగ్గర పడుతుంది, ఉన్న రచయితలు చాలరు, మేనేజరు తన అవసరాన్ని రెండు వాక్యాల్లో రాసి హెచ్‌ఆర్‌కు పంపుతారు, హెచ్‌ఆర్ దాన్ని కన్సల్టెన్సీకి అప్పగిస్తుంది, అక్కడి రిక్రూటరు తన దగ్గరున్న పాత ప్రకటనలో ఆ రెండు వాక్యాలను చేర్చి బయటకు వదులుతారు. అందువల్ల ముప్పై పంక్తుల ప్రకటనలో అసలు పని నుంచి వచ్చిన మాటలు నాలుగైదు మించవు. "ఒత్తిడిలో పనిచేయగలగాలి", "జట్టుతో కలిసిపోవాలి" వంటివి ఏ ఉద్యోగానికైనా రాసేవే కనుక వాటిని పెన్సిలుతో కొట్టివేయండి. మిగిలిన వాటిలో ఉత్పత్తి పేరు, పరికరాల పేర్లు, తయారుచేయవలసిన పత్రాల పేర్లు, గడువు అన్న నాలుగింటి కింద గీత గీయండి. ఇకపై మీరు ఆలోచించవలసింది ఆ గీతల మీదనే.

ఇది టెక్నికల్ రైటింగేనా?

తిరుపతి చదువుల ఊరు. 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి, 2015లో ఐఐటీ, ఐసర్ కూడా వచ్చాయి. పరిశోధక విద్యార్థులు ఇంతమంది ఉన్నచోట "టెక్నికల్ రైటర్లు కావలెను" అన్న మాట కింద ఇతరుల థీసిస్‌లు, ప్రాజెక్టు రిపోర్టులు, జర్నల్ వ్యాసాలు రాసిపెట్టే పని దాగి ఉండవచ్చు. అది నైతికంగా తప్పు. అంతేకాక, ఒకరి పేరు మీద వెళ్లిన రాతను మీ శాంపిల్‌గా ఎక్కడా చూపలేరు కాబట్టి రెండేళ్లు చేసినా మీ అనుభవం సున్నాగానే ఉంటుంది. ప్రకటనలో "ఎస్‌సీఐ", "స్కోపస్" అనే పరిశోధన జర్నళ్ల జాబితాల పేర్లు గాని, "చాప్టర్‌కు ఇంత" అన్న మాట గాని కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

కంటెంట్ రైటర్ అంటే కొనబోయేవారికి రాసేవారు, టెక్నికల్ రైటర్ అంటే కొన్న తరువాత వాడేవారికి రాసేవారు. "ఎస్‌ఈఓ" (గూగుల్ వంటి వెతుకులాటలో పైన కనిపించేలా రాయడం), "సోషల్ మీడియా" అన్న మాటలు ముందు వరుసలో ఉంటే అది మొదటి రకం పని. శ్రీసిటీలోనూ, రేణిగుంట, ఏర్పేడు వైపు ఉన్న పరిశ్రమల్లోనూ పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంటుంది: ప్రకటనలో "టెక్నికల్ రైటర్" అన్న మాటే ఉండదు కానీ పని మాత్రం మనదే కావచ్చు. "డాక్యుమెంటేషన్ ఎగ్జిక్యూటివ్" అని రాసి, కింద "ఎస్‌ఓపీలు, పని సూచనలు, మెయింటెనెన్స్ మాన్యువళ్లు తయారుచేయాలి" అని ఉంటే తప్పక చదవండి (ఎస్‌ఓపీ అంటే ఒక పనిని చేయవలసిన ప్రామాణిక పద్ధతి). "డాక్యుమెంట్ కంట్రోలర్" మాత్రం వేరు. ఐఎస్ఓ 9001 అనే నాణ్యతా ప్రమాణ పద్ధతిలో పత్రాల వెర్షన్లను, ఆమోదాలను, పంపిణీని చూసుకునే ఉద్యోగం అది, అందులో రాసే పని తక్కువ.

రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, శిక్షణ రుసుము అని ఎవరు డబ్బడిగినా అది ఉద్యోగం కాదు. ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదుకు ఉన్న 1930 నంబరుకు ఫోన్ చేయండి.

పరికరాల పేర్లు చెప్పే సంగతులు

చాలామంది ఇక్కడే బెదిరి వెనక్కి వెళతారు, కానీ ప్రకటన మొత్తంలో ఎక్కువ సమాచారం ఉండేది ఈ పేర్లలోనే. వీటిని అర్హతల పట్టికగా కాకుండా, పని ఎలా ఉంటుందో చెప్పే ఆనవాళ్లుగా చదవాలి.

డీఐటీఏ అని ఉంటే అది పెద్ద సంస్థ అనీ, ఒకే విషయాన్ని అనేక మాన్యువళ్లలోనూ బహుశా అనేక భాషల్లోనూ వాడుకుంటారనీ అర్థం. ఐబీఎం రూపొందించగా 2005లో ఓయాసిస్ సంస్థ ప్రమాణంగా స్వీకరించిన ఈ ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో రాతను అధ్యాయాలుగా కాకుండా చిన్న చిన్న టాపిక్‌లుగా విడగొడతారు. వాటిలో ప్రధానమైనవి మూడు: కాన్సెప్ట్, టాస్క్, రిఫరెన్స్. మన ఊరి ఉదాహరణే తీసుకుందాం. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం అంటే ఏమిటో వివరించేది కాన్సెప్ట్, ఆ టికెట్టును ఫోనులో బుక్ చేసే మెట్లు వరుసగా చెప్పేది టాస్క్, ఏ గుర్తింపు కార్డులు చెల్లుతాయో, ఏ నియమాలు వర్తిస్తాయో పట్టికగా ఇచ్చేది రిఫరెన్స్. ఈ మూడింటినీ కలగాపులగం చేయకుండా వేరువేరుగా రాయగలిగినవారికి డీఐటీఏలో కష్టమైన భాగం అప్పటికే వచ్చినట్లే. ట్యాగులు, అంటే రాతలో ఏ భాగం ఏమిటో చెప్పే గుర్తులు, నేర్చుకోవడానికి రెండు వారాలు చాలు. కాబట్టి "డీఐటీఏ తప్పనిసరి" అన్నచోట కూడా, ట్రయల్ కాలానికి దొరికే ఎడిటరుతో పది టాపిక్‌లు చేసి చూపగలిగితే దరఖాస్తు చేయండి.

ఫ్రేమ్‌మేకర్ పెద్ద మాన్యువళ్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్; దాని పక్కన ఎస్1000డీ అన్న ప్రమాణం కనిపిస్తే అది విమానయాన, రక్షణ రంగాల పని. ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అని ఉంటే నియంత్రిత ఆంగ్లంలో రాయాలి, అంటే అనుమతించిన పదాలనే వాడాలి, చేయవలసిన పనిని చెప్పే వాక్యం 20 పదాలు, వివరణ వాక్యం 25 పదాలు దాటకూడదు. తెలుగు మాధ్యమంలో చదివి ఆంగ్లం విషయంలో జంకే పిల్లలకు నేను ఈ రకం ప్రకటనలనే ముందు చూపిస్తాను, ఎందుకంటే ఇక్కడ పనికివచ్చేది అలంకారం కాదు, క్రమశిక్షణ. కర్మాగార యంత్రాల పనిలో 82079-1 అన్న సంఖ్య కనిపించవచ్చు. అది వాడుక సూచనలు ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం, దాని రెండో కూర్పు 2019లో వచ్చింది.

మార్క్‌డౌన్ (సాదా గుర్తులతో రాసే పద్ధతి), జిట్ (ఫైళ్లలో మార్పులను నమోదు చేసేది), ఓపెన్ ఏపీఐ, పోస్ట్‌మన్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏపీఐలను వివరించడానికి, పరీక్షించడానికి వాడేవి) అన్నవి ఒకేచోట కనిపిస్తే చదువరులు సాఫ్ట్‌వేర్ డెవలపర్లు. మీరు రాసినదాన్ని కోడ్ మాదిరిగానే రివ్యూ చేస్తారు, మార్పులు రోజూ వస్తాయి. జట్టు సభ్యులు పత్రాలు పంచుకునే కాన్‌ఫ్లుయెన్స్ ఒక్కటే ఉంటే అది సంస్థ లోపలి వాడుకకు రాసే పని కావచ్చు, అటువంటిదాన్ని తరువాత బయట చూపడం కష్టం.

ఒకే ప్రకటనలో ఫ్రేమ్‌మేకర్, ఫ్లేర్, ఆక్సిజన్, కాన్‌ఫ్లుయెన్స్, ఫొటోషాప్, వీడియో ఎడిటింగ్ అన్నీ ఉంటే ఏమిటి? నా అంచనాలో అక్కడ ఏ పరికరం వాడాలో ఇంకా ఎవరూ తేల్చలేదు. అటువంటిచోట దరఖాస్తు చేయవచ్చు గాని, మొదటి ఫోన్ కాల్‌లోనే "ప్రస్తుతం ఉన్న పత్రాలు ఏ రూపంలో ఉన్నాయి?" అని అడగాలి. ఏఐ పరికరాల ప్రస్తావన ఉంటే, సంస్థ రహస్య పత్రాలను వాటిలో పెట్టడానికి రాతపూర్వక అనుమతి ఉందా అని కూడా అడగండి.

"కాంట్రాక్టు" అన్న ఒక్క మాటకు ఎన్ని అర్థాలు

థర్డ్ పార్టీ పేరోల్ అంటే మీరు పనిచేసేది ఒక సంస్థకు, జీతం ఇచ్చేది కన్సల్టెన్సీ. అప్పుడు జీతం స్లిప్పు, పీఎఫ్ వంటివి ఉంటాయి, సెలవుల సంగతి కన్సల్టెన్సీని అడగాలి. సీ2హెచ్ (కాంట్రాక్ట్ టు హైర్) అంటే కొన్ని నెలల కాంట్రాక్టు తరువాత ఆ సంస్థే తీసుకోవచ్చు అని అర్థం. "తీసుకుంటారు" అని కాదు, "తీసుకోవచ్చు" అని మాత్రమే. ఇంతకు ముందు ఇలా చేరినవారిలో ఎంతమందిని తీసుకున్నారని అడిగితే మంచి రిక్రూటరు దాచకుండా చెబుతారు. మూడోది స్వతంత్ర కాంట్రాక్టు: మీరే ఇన్‌వాయిస్ పంపాలి, పీఎఫ్ ఉండదు, సెలవు పెడితే డబ్బు రాదు.

డబ్ల్యూ2, 1099, సీ2సీ అన్న మాటలు ఉన్న ప్రకటనలు అమెరికాలో పని అనుమతి ఉన్నవారి కోసం రాసినవి. "రిమోట్" అని ఉన్నా తిరుపతిలో కూర్చున్నవారికి అవి వర్తించవు, వాటి మీద సాయంత్రాలు వృథా చేయవద్దు.

చోటు, వేళ

బెంగళూరు ప్రకటనల్లో "హైబ్రిడ్" అంటే వారానికి ఎన్ని రోజులో, ఏయే రోజులో తెలుసుకోవాలి. తిరుపతి నుంచి చిత్తూరు, పలమనేరు, కోలారు మీదుగా సుమారు 250 కిలోమీటర్లు. మంగళ, బుధవారాలు వరుసగా రమ్మంటే రెండు రాత్రి ప్రయాణాలతో సరిపోతుంది, మంగళవారం ఒకరోజు, శుక్రవారం ఒకరోజు అంటే నాలుగు రాత్రులు బస్సులోనే గడుస్తాయి. ఆ ఖర్చును నెలకు లెక్కగట్టి అడిగే మొత్తంలో కలపండి. చిత్తూరువాళ్లకు ఈ దూరం కొంత తగ్గుతుంది.

అమెరికా జట్టుతో పని అంటే న్యూయార్క్ ఉదయం 9 గంటలు మనకు చలికాలంలో రాత్రి 7.30, వేసవి సమయంలో సాయంత్రం 6.30. కాలిఫోర్నియా ఉదయం 9 అయితే మనకు చలికాలంలో రాత్రి 10.30, వేసవిలో 9.30 అవుతుంది. ప్రకటనలో కేవలం "ఓవర్‌ల్యాప్" అని ఉంటే ఏ నగరంతో అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మీద మీ నిద్ర ఆధారపడి ఉంటుంది.

రేటు లెక్క

ఏడాదికి 6 లక్షల జీతం వచ్చే మనిషి నెలకు 50 వేల కాంట్రాక్టును చూసి "అంతే కదా" అనుకోవడం సహజమే కాని, ఆ రెండూ ఒకటి కావు. 365 రోజుల్లో శని, ఆదివారాలు 104 పోతే 261 మిగులుతాయి. పండుగలు, జబ్బులు, ఇంటి పనులు కలిపి 21 రోజులు తీసివేస్తే 240. ఒక కాంట్రాక్టు ముగిసి మరొకటి దొరికేలోగా రెండు నెలల ఖాళీ వస్తుందనుకుంటే సుమారు 200 రోజులకే డబ్బు వస్తుంది. 6 లక్షలను 200తో భాగిస్తే రోజుకు 3,000 రూపాయలు. ఆరోగ్య బీమా, కంప్యూటరు, ఇంటర్నెట్, మీ తరఫున ఎవరూ కట్టని పీఎఫ్ వాటా కోసం ఐదో వంతు కలిపితే 3,600, అంటే గంటకు 450. ఇది మీరు ఆశించవలసిన రేటు కాదు, దానికి కింద ఒప్పుకుంటే నష్టపోతారని చెప్పే గీత. మీ పాత జీతంతో ఈ లెక్క మళ్లీ వేసుకుని, ఫోన్ వచ్చే ముందే ఒక అంకె రాసి పెట్టుకోండి.

పేజీకి ఇంత అనే ప్రకటనల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. యంత్రాన్నో సాఫ్ట్‌వేర్‌నో అర్థం చేసుకోవడం, ఇంజనీరుతో మాట్లాడడం, రాయడం, రివ్యూ తరువాత దిద్దడం అన్నీ కలిపితే కొత్త పేజీకి నాకు నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. పేజీకి 300 రూపాయలంటే గంటకు 60 రూపాయలు. ఉన్న పేజీలో చిన్న దిద్దుబాట్లకైతే అదే రేటు సరిపోవచ్చు. అందుకే "పేజీ" అంటే కొత్తదా పాతదా అన్నది తేలకుండా అవుననవద్దు.

స్వతంత్ర కాంట్రాక్టులో వృత్తి రుసుముగా చెల్లించేటప్పుడు సాధారణంగా 10 శాతం టీడీఎస్ మినహాయిస్తారు, పాన్ ఇవ్వకపోతే అది 20 శాతం అవుతుంది. మినహాయించినది మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటనంత వరకు మన రాష్ట్రంలో జీఎస్టీ నమోదు సాధారణంగా అవసరం లేదు. రిక్రూటరు "జీఎస్టీ నంబరు లేకపోతే కుదరదు" అంటే ఆడిటరును ఒకసారి సంప్రదించి జవాబివ్వండి.

శాంపిల్, జవాబు

ప్రకటనలో "శాంపిల్ జతచేయాలి" అని ఉండి, మీ దగ్గర ఏమీ లేకపోతే చుట్టూ చూడండి. చిత్తూరు జిల్లా పాడికి పేరుపడ్డ ప్రాంతం. మీ పల్లెలో పాల సేకరణ కేంద్రం ఉంటే, వెన్న శాతం కొలిచే యంత్రాన్ని అక్కడి మనిషి ఎలా వాడుతున్నారో రెండు పూటలు కూర్చుని చూడండి, అడగండి, ఫొటోలకు అనుమతి తీసుకోండి. తరువాత దాన్ని శుభ్రం చేసే పద్ధతిని రెండు పేజీల్లో రాయండి: ముందు జాగ్రత్తలు, కావలసిన వస్తువులు, మెట్లు, ఒక్కో మెట్టు సరిగా జరిగిందని తెలిసే గుర్తు. రాసినదాన్ని ఆ యంత్రం ఎన్నడూ ముట్టని మనిషి చేతికిచ్చి చేయించండి, ఎక్కడ ఆగారో గమనించి దిద్దండి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పని చేసిన బంధువు ఉంటే అక్కడి యంత్రం గురించి కూడా ఇలాగే రాయవచ్చు, కాని ఆ ఫ్యాక్టరీ పత్రాలను మాత్రం వాడవద్దు. ఇంటర్‌నెట్‌లో అందరూ చేసే నమూనాల కన్నా మీరు స్వయంగా చూసి రాసిన రెండు పేజీలు రివ్యూ చేసేవారి కళ్లను నిలబెడతాయని నా నమ్మకం.

జవాబు మెయిల్‌ను ఆంగ్లంలోనే రాస్తారు కాబట్టి దాని పొందికను మాత్రం చెబుతాను. మొదటి వాక్యంలో ప్రకటన పేరు, మీరు గీత గీసిన పత్రాల పేర్లు రావాలి: "మీ ఇన్‌స్టలేషన్ గైడ్, ఏపీఐ రిఫరెన్స్ పనికి దరఖాస్తు చేస్తున్నాను" అన్నట్లు. రెండో పేరాలో అటువంటి పనే మీరు ఒకటి చేసినదాన్ని, ఎవరికోసం రాశారో, ఎంత కాలం పట్టిందో చెప్పండి. మూడో పేరాలో తెలియని పరికరాన్ని దాచకుండా, దానికి దగ్గరగా మీకు తెలిసినది రాయండి. చివర మీరు చేరగల తేదీ, ఉండే ఊరు, రోజూ అందుబాటులో ఉండే వేళలు. రిక్రూటరు ఫోన్‌లో చదువుతారు కనుక 150 పదాలు మించకుండా చూసుకోండి. అచ్చుతప్పు ఉన్న మెయిల్‌కు ఈ వృత్తిలో క్షమాపణ ఉండదు, అందుచేత పంపే ముందు ఒకసారి కాగితం మీద ప్రింటు తీసి చదవండి.

పరీక్షగా ఒకటి రెండు పేజీలు రాయమనడం న్యాయమే. ఇరవై పేజీల అసలు మాన్యువల్‌ను "టెస్ట్" పేరుతో ఇస్తే, అంత పనికి రుసుము ఎంత అని మర్యాదగా అడగండి.

ప్రకటన చెప్పనివి

నా తొలి కాంట్రాక్టుల్లో ఒకదాని ప్రకటనలో "ఉన్న మాన్యువల్ అప్‌డేట్, మూడు నెలలు" అని మాత్రమే ఉంది. చేరాక చూస్తే ఉత్పత్తే ఇంకా మారుతోంది, సందేహాలు తీర్చే ఇంజనీరు వేరే జట్టులో ఉన్నారు. అయినా పని ముగించాను. ఒప్పందంలో "ఆమోదించిన తరువాత చెల్లింపు" అని రాసి ఉంది, ఆమోదించవలసిన మేనేజరు బదిలీ అయ్యారు, కొత్తగా వచ్చినవారు చదవడానికి తీరిక లేదన్నారు. చివరి రెండు ఇన్‌వాయిస్‌ల డబ్బు ఐదు నెలలకు వచ్చింది. ఆ ఐదు నెలలు ఇంట్లో ఎలా గడిచాయో నాకింకా గుర్తుంది, అందుకే ఈ భాగాన్ని మీరు రెండుసార్లు చదవాలని కోరుకుంటున్నాను.

ఒప్పుకునే ముందు మెయిల్‌లోనే అడగవలసినవి ఇవి. సందేహాలు తీర్చే నిపుణులు ఎవరు, వారానికి ఎన్ని గంటలు ఇస్తారు? ఎవరు ఆమోదిస్తారు, ఎన్ని రోజుల్లో? ఆ రోజుల్లో జవాబు రాకపోతే ఆమోదించినట్లే భావించవచ్చా? పరికరం లైసెన్సు ఎవరిది? చెల్లింపు ఇన్‌వాయిస్ పంపిన ఎన్నో రోజున? "ఆమోదం తరువాత" అన్న మాట ఎక్కడ ఉన్నా దాని పక్కన రోజుల సంఖ్య రాయించాలి. స్వతంత్రంగా పనిచేసేవారు ఉద్యమ్ నమోదు, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేసుకోవడం మంచిది, దానికి రుసుము లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం నమోదైన చిన్న సంస్థకు చెల్లింపు గడువు ఒప్పందంలో ఎంత రాసుకున్నా 45 రోజులు మించకూడదు, మించితే చక్రవడ్డీ అడిగే హక్కు ఉంటుంది. ఆ హక్కును వాడే అవసరం రాకపోవచ్చు గాని, ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ సంఖ్య ముద్రించి ఉంటే అకౌంట్స్ విభాగం దాన్ని చూస్తుంది.

రచన హక్కుల నిబంధన కూడా చదవండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి రాసినది సాధారణంగా యజమానికి చెందుతుంది, స్వతంత్ర కాంట్రాక్టరు రాసినది రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే చెందుతుంది. అందుకే దాదాపు ప్రతి ఒప్పందంలో బదిలీ నిబంధన ఉంటుంది, దానికి ఒప్పుకోవడంలో తప్పు లేదు. బదిలీ పూర్తి చెల్లింపు తరువాత జరుగుతుందని రాయించుకోగలిగితే మంచిది. కాంట్రాక్టు ముగిశాక రెండేళ్లు ఈ రంగంలో ఎక్కడా పనిచేయకూడదన్న నిబంధన కనిపిస్తే భయపడనక్కరలేదు: వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం 1872 కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. రహస్యాలు కాపాడాలన్న నిబంధన మాత్రం చెల్లుతుంది, దాన్ని ఖచ్చితంగా పాటించాలి.

చేరే రోజుకు ఆ ప్రకటన కనిపించకుండా పోయి ఉండవచ్చు, కనుక దరఖాస్తు చేసిన రోజే దాన్ని పీడీఎఫ్‌గా దాచుకోండి. రెండో నెలలో "వీడియోలు కూడా మీరే చేయాలి" అన్నప్పుడు ఏ పనికి పిలిచారో చూపడానికి మీ దగ్గర ఉండే కాగితం అదే. కాంట్రాక్టు ముగియడానికి రెండు వారాల ముందు, అందరూ ఇంకా అందుబాటులో ఉండగానే, అనుభవ ధ్రువపత్రంతో పాటు మీరు రాసినవాటిలో ఏ పది పేజీలు శాంపిల్‌గా చూపవచ్చో మెయిల్‌లో అనుమతి అడగండి. ఏ పేజీలన్నది మీరే ఎంచి, ధరలూ కస్టమర్ల పేర్లూ తీసివేసి జతచేస్తే మేనేజరుకు "సరే" అనడం తేలికవుతుంది.